లుడ్విగ్ గట్‌మన్

సర్ లుడ్విగ్ గట్‌మన్ (జూలై 3, 1899 – మార్చి 18, 1980) జర్మనీలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన నాడీ వైద్య నిపుణుడు. వెన్నుపాము దెబ్బతిన్నవారి చికిత్సకు కొత్త దారి చూపిన వైద్యుడుగా, పారాలింపిక్ క్రీడలకు ఆద్యుడుగా ప్రసిద్ధుడు.

బాల్యము, విద్య

అప్పటి జర్మనీలోని టోస్ట్ (నేటి పోలండ్‌లోని టోషెక్) పట్టణంలో యూదు కుటుంబంలో జన్మించాడు. 1917లో ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ చేస్తుండగా, వెన్ను విరిగిన ఒక బొగ్గుగని కార్మికుడిని చూశాడు. దృఢకాయుడైన ఆ యువకుడు ఐదు వారాలలోనే మరణించాడు. అటువంటి రోగికి చేయగలిగినదేమీ లేదని ఆనాటి వైద్యుల నమ్మకం. గట్‌మన్ 1924లో వైద్యపట్టా పొంది, బ్రెస్లావ్‌లో ప్రముఖ నాడీ వైద్యుడు ఒట్‌ఫ్రీడ్ ఫోర్‌స్టర్ వద్ద పనిచేశాడు.

నాజీల పాలనలో

1933లో నాజీలు యూదు వైద్యులను ఉద్యోగాలనుండి తొలగించగా, గట్‌మన్ బ్రెస్లావ్ యూదు ఆసుపత్రిలో చేరాడు. 1938 నవంబరులో యూదులపై దాడులు జరిగిన రాత్రి, వచ్చినవారందరినీ రోగులుగా చేర్చుకొమ్మని ఆదేశించాడు. మరునాడు వచ్చిన రహస్య పోలీసులకు ఒక్కొక్కరి జబ్బును వివరించి, 64 మందిలో 60 మందిని నిర్బంధం నుండి కాపాడాడు. 1939లో కుటుంబంతో ఇంగ్లండు చేరుకున్నాడు.

చికిత్సా విధానము

1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఆయన సారథ్యంలో వెన్నుగాయాల కేంద్రం ప్రారంభమైంది. రోగిని రాత్రింబవళ్ళు ప్రతి రెండు గంటలకు ఒత్తిగిలజేసి పడక పుండ్లను నివారించడం, మూత్రకోశానికి అంటురోగాలు సోకకుండా చూడడం ఆయన పద్ధతిలో ముఖ్యాంశాలు. ఒత్తిగిలజేసేటప్పుడు వెన్ను మెలిపడకుండా కొందరు కలిసి శరీరాన్ని ఒకే దుంగవలె తిప్పేవారు.

మైదానంలో మెడ దెబ్బతిన్నదని అనుమానించిన క్రీడాకారుని విషయంలోనూ నేడు ఈ జాగ్రత్తే ప్రధానము. ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకొనగా, మిగిలినవారు ఆయన మాట ప్రకారం శరీరాన్ని కదలిస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ వంటి ఆటలలో హెల్మెట్ ఒక్కటే తీస్తే, భుజ కవచం ఎత్తువలన తల వెనుకకు వాలి మెడ వంగుతుంది. కనుక రెండింటినీ ఉంచడమో, తగినంతమంది శిక్షితులుంటే రెండింటినీ తీయడమో చేస్తారు. ఉంచినప్పుడు శ్వాసకు అడ్డు లేకుండా ముఖజాలీని తొలగిస్తారు.

క్రీడలు

ఆటలు కండబలాన్నే కాక ఆత్మగౌరవాన్నీ తిరిగి ఇస్తాయని గట్‌మన్ విశ్వసించాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, చక్రాల కుర్చీలలోని 16 మందితో విలువిద్య పోటీ జరిపించాడు. 1960లో రోమ్‌లో సుమారు 400 మంది పాల్గొన్న పోటీలు తొలి పారాలింపిక్స్‌గా గుర్తింపు పొందాయి. 1966లో ఆయనకు సర్ బిరుదు లభించింది.

వెన్నుగాయాలవారితో మొదలైన ఈ క్రీడలు తరువాత ఇతర వైకల్యాలవారికీ విస్తరించాయి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ ప్రాంతపు జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం సాధించింది.