రామదాసు గారి లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో మన ఆదాయ వ్యయములు ముందుగానే విని, నవమికి రామకల్యాణము చేసుకొనుట మన వాడుక. కొరాపుట్, రాయగడలకు వచ్చి స్థిరపడినను మనవారు ఈ రెండును విడువలేదు. ఈ రోజులలో మాకు ఏటేటా జ్ఞాపకము వచ్చువారు భక్త రామదాసు గారు.

వారి అసలు పేరు కంచెర్ల గోపన్న. 17వ శతాబ్దమున, ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో జన్మించిరి. 1672లో గోలకొండ గద్దెనెక్కిన తానీషా కొలువులో అక్కన్న, మాదన్నలు పెద్ద ఉద్యోగులు. వారు గోపన్న గారికి మేనమామలందురు. ఆ ప్రాపున పాల్వంచ పరగణా తహశీల్దారు పని దొరికినది. వసూలైన సర్కారు పైకము ఆరు లక్షల వరహాలు భద్రాచలమున రాముని గుడికి, నగలకు ఖర్చు పెట్టిరనియు, అందుకు గోలకొండ కోటలో పన్నెండేండ్లు చెరలో నుండిరనియు పెద్దలు చెప్పుదురు.

ఇచ్చట మా వంటి వారికి గుండె గుబేలుమనును. టిక్కెట్ల పైకములో ఒక రూపాయి తగ్గినను మేము జేబునుండి కట్టవలసినదే!

రాముడు సర్వజ్ఞుడు గదా. గోపన్న ఆ పైకము వాడునని ఆయనకు ముందే తెలియును. తెలిసినది జరుగక తప్పనప్పుడు గోపన్న గారి తప్పేమి? పూర్వజన్మమున చిలుకను పన్నెండు దినములు పంజరములో పెట్టిన ఫలమని ఒక కథ కలదు. దానితో మా మనసు కుదుటపడలేదు. చిలుకను పట్టుననియు రామునికి తెలియదా?

వెనుక స్టేషనునుండి బండి బయలుదేరినదని మాకు ఫోనులో తెలియును. తెలిసినంత మాత్రమున ఆ బండిని మేము లాగినట్లు కాదు, నడుపువాడు డ్రైవరే. అయితే బండి నడుమ ఆగిపోయి మా ఎరుక తప్పవచ్చును. రాముని ఎరుక తప్పదు. ఈ మెలిక మేము విప్పలేకపోతిమి.

గోపన్న గారు మాత్రము చెరలో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఏ నగకు ఎన్ని మొహరీలైనవో కీర్తనలో రామునికే లెక్క చెప్పిరి, కోపించి తిట్టిరి, తిట్టినందుకు మన్నింపు వేడిరి. అన్నియు తెలిసినవానికి లెక్క చెప్పుటెందుకు? తాను చేసినది తనదేనని ఒప్పుకొనుటకే యని మాకు తోచును. ఆ పని రాముడే చేయించెనన్నచో గుడి కట్టిన పుణ్యమును గోపన్న గారికి దక్కదు.

తుదకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో అర్ధరాత్రి తానీషాకు కనబడి, బాకీ అంతయు చెల్లించి రసీదు పుచ్చుకొనిరట. సర్వేశ్వరుడైనను బాకీ కొట్టివేయలేదు, కట్టినాడు! గుమాస్తాలము గనుక మాకీ ఘట్టము మిక్కిలి ప్రీతి.

అడుగకయే దర్శనము పొందిన ఆ తానీషాను 1687లో ఔరంగజేబు పట్టి దౌలతాబాదు కోటలో పెట్టెను. ఆయనయు పన్నెండేండ్లు చెరలోనే యుండి 1699లో అచ్చటనే కన్నుమూసెను. ఆయన మొదలుపెట్టెనని చెప్పు ముత్యాల తలంబ్రాలు మాత్రము నేటికిని భద్రాద్రి కల్యాణమునకు సర్కారు తరఫున వచ్చుచున్నవి.