పటంలో లేని దేశానికి కలం పట్టిన సంపాదకుడు

రోము నగర ప్రాకారం దాటి ఆప్పియా మార్గం వెంట కొద్ది దూరం వెళ్తే ఒక చిన్న దేవాలయం వస్తుంది. నీరో చక్రవర్తి హింసలకు జడిసి నగరం విడిచి పోతున్న పునీత పేతురుకు ప్రభువు అక్కడే ఎదురుపడ్డారని పూర్వుల నుండి వస్తున్న సంప్రదాయం. తాను మరల సిలువ మరణం పొందడానికి రోముకు వెళ్తున్నానని ప్రభువు తెలుపగా, పేతురు సిగ్గుపడి వెనుదిరిగి వేదసాక్షి మరణం పొందారట. ఈ వృత్తాంతాన్ని మీరు సత్యోపదేశ తరగతిలోనో, గురువుల ప్రసంగంలోనో వినే ఉంటారు. అదే గుడిలో ఒక రచయిత ప్రతిమ కూడా ఉంది. ఆయన పేరు హెన్రిక్ సెంకీవిచ్. పత్రికా సంపాదకుడుగా పనిచేస్తూ నవలాకారుడుగా ఎదిగిన ఆ పోలెండు దేశస్థుని జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాము.

సెంకీవిచ్ 1846 మే 5న వోలా ఒక్షెయ్స్కా అనే గ్రామంలో జన్మించారు. వంశానికి పేరున్నా ఇంట్లో కలిమి తరిగిపోయింది. అప్పటికి పోలెండు అనే దేశం పటంలోనే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772, 1795 సంవత్సరాలలో కలిసి, 1793లో ఆస్ట్రియా లేకుండా, దానిని ముక్కలు చేసి పంచుకున్నాయి. ఆయన పుట్టిన ప్రాంతం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1863లో ప్రజలు తిరగబడి ఓడిపోయాక అణచివేత ఇంకా పెరిగింది. పాఠశాలల నుండి పోలిష్ భాషను తరిమివేశారు. పత్రికలలో ప్రతి అక్షరం ప్రభుత్వ తనిఖీదారుని కన్ను దాటి రావలసిందే.

వార్సాలో చదువుకుంటూ, పిల్లలకు పాఠాలు చెప్పి పొట్టపోసుకున్న ఈ యువకుడు వైద్యం, న్యాయశాస్త్రం విడిచి సాహిత్య విద్యలో స్థిరపడ్డారు. 1869లో పత్రికలకు వ్రాయడం మొదలుపెట్టారు. 1873లో ‘గజెతా పోల్‌స్కా’ పత్రికలో ‘శీర్షిక లేనిది’ అనే శీర్షిక నిర్వహించారు. మరుసటి ఏడు ‘నివా’ అనే పక్షపత్రికలో సాహిత్య విభాగం బాధ్యత తీసుకున్నారు. 1876లో అమెరికా వెళ్ళి, రెండేళ్ళపాటు అక్కడి విశేషాలను లేఖలుగా వ్రాసి తన పత్రికకు పంపారు. 1882 నుండి 1887 వరకు ‘స్వోవొ’ అనే దినపత్రికకు ప్రధాన సంపాదకులు. ఆ పేరుకు వాక్కు అని అర్థం.

ప్రియ పాఠకులారా, సంపాదకుని బల్ల ముందు కూర్చున్న మనిషికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. పాఠకుడు అలసి ఇంటికి వచ్చినవాడు. అతనికి అర్థమయ్యేలా చెప్పాలి, రేపటి సంచిక కొరకు ఎదురుచూసేలా చెప్పాలి. ఓడిపోయి తలవంచుకున్న తన ప్రజలకు ధైర్యం నూరిపోయాలని సెంకీవిచ్ తలపెట్టారు. నేటి రాజకీయం వ్రాస్తే తనిఖీదారుడు కొట్టివేస్తాడు. కనుక 17వ శతాబ్దపు చరిత్రను ఎన్నుకున్నారు. 1883 మే నెలలో ‘నిప్పుతో, కత్తితో’ అనే నవల ఆయన పత్రికలోనే ధారావాహికగా మొదలైంది. దాని తరువాతిది ‘జలప్రళయం’. 1655లో స్వీడన్ సేనలు చెస్టొహోవా మరియమాత మఠాన్ని ముట్టడించగా, మఠాధిపతి కొర్దెత్స్కీ గురువు కొద్దిమందితో దానిని కాపాడిన ఘట్టం అందులో ఉంది.

ఆ నవల అచ్చవుతున్న రోజులలోనే ఆయన ఇల్లు చీకటి అవుతున్నది. భార్య మరియకు క్షయ. చికిత్స కొరకు ఆమెను ఊరూరా త్రిప్పుతూనే ఆయన తరువాతి భాగాలు వ్రాసి పంపేవారు. 1885 అక్టోబరులో ఆమె ఇద్దరు పసిబిడ్డలను విడిచి కన్నుమూసింది. 1888లో పేరు చెప్పని అభిమాని ఒకరు ఆయనకు 15,000 రూబుళ్ళు పంపారు. ఆ సొమ్మును ఆయన సొంతానికి వాడుకోలేదు. క్షయ బెడద ఉన్న రచయితలు, కళాకారుల కొరకు భార్య పేరిట నిధిగా ఏర్పరచారు.

రోములో ఆప్పియా మార్గంలోని ఆ చిన్న గుడిని ఆయనకు చూపించినవారు చిత్రకారుడు సెమిరాద్స్కీ. అక్కడ మొలకెత్తిన ఆలోచనే ‘క్వో వాదిస్’ నవల. ఎక్కడికి పోతున్నావు అని ఆ లతీను మాటలకు అర్థం. 1895 మార్చి నుండి అది వార్సా, క్రాకోవ్, పోజ్నాన్ పత్రికలలో ఏకకాలంలో వెలువడింది. అంటే మూడు రాజ్యాల కింద చీలిపోయిన ప్రజలు ఒకే కథను కలిసి చదివారు. నీరో కాలపు వేదసాక్షుల కథలో వారికి తమ కష్టాలే కనిపించాయి. యాభైకి మించిన భాషలలోకి ఆ పుస్తకం వెళ్ళింది. 1905లో నోబెల్ బహుమతి ఆయనకు వచ్చినది ఆ ఒక్క పుస్తకానికి కాదు, ఇతిహాసం వంటి ఆయన రచనలన్నిటికీ. స్టాక్‌హోమ్‌లో మాట్లాడుతూ, తన జాతి చచ్చిపోయిందన్నవారికి ఈ గౌరవమే సమాధానమని చాటారు.

ఆయనలో లోపాలు లేవని చెప్పలేము. చరిత్రకు రంగు పూశారని తోటి రచయిత ప్రూస్ ఆనాడే విమర్శించారు. తమ పూర్వులను కించపరచారని ఉక్రెయిన్ ప్రజలకూ బాధ ఉంది. అయినా బలహీనుల పక్షాన పలకవలసి వచ్చినపుడు ఆయన వెనుకాడలేదు. 1901లో ప్రష్యా పాలనలోని వ్జెష్న్యా పట్టణంలో, సత్యోపదేశాన్ని జర్మన్‌లో అప్పగించమని నిరాకరించిన పిల్లలను బడిలో కొట్టారు. అడ్డుపడిన తల్లిదండ్రులను చెరసాలలో పెట్టారు. సెంకీవిచ్ పత్రికల ద్వారా లోకానికి ఆ అన్యాయం తెలిపారు. 1906లో జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్‌కే బహిరంగ లేఖ వ్రాశారు. పరలోక జపాన్ని తల్లి భాషలో చెప్పుకునే మనకు ఆ పిల్లల బాధ వేరుగా వివరించాలా?

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగా ఆయన స్విట్జర్లాండులోని వెవే పట్టణం చేరారు. సంగీత విద్వాంసుడు పదెరెవ్స్కీతో కలిసి యుద్ధబాధితుల సహాయ సంఘం నెలకొల్పి, కథలు ప్రక్కనబెట్టి విన్నపాలు వ్రాశారు. 15వ బెనెడిక్టు పోపుగారి ఆమోదంతో 1915 నవంబరులో పోలెండు కొరకు అనేక దేశాల కతోలిక దేవాలయాలలో చందాలు పోగుచేశారు. ఆయన 1916 నవంబరు 15న వెవేలోనే మరణించారు. స్వతంత్ర పోలెండును చూడలేదు. అది 1918లో వచ్చింది. 1924లో ఆయన అస్థికలను స్వదేశానికి తెచ్చి, వార్సా పునీత యోహాను ప్రధాన దేవాలయంలో ఉంచారు.

పాఠకులారా, ఇంత గొప్ప నవలలు మొదట వచ్చినది దినపత్రికల పుటలలోనే, రోజుకు కొంత చొప్పున. చదివి మడిచి పెట్టే కాగితం మీద ఆయన ఒక ప్రజ ఆశను నిలబెట్టారు. కనుక మీ ఇంటికి వచ్చే పత్రికను తేలికగా చూడకండి. చదవడం రాని పెద్దలకు చదివి వినిపించండి. వ్రాయగల బిడ్డలుంటే వ్రాయమనండి. భయంతో ఊరు విడిచి పోతున్నవారిని వెనుకకు త్రిప్పే మాట ఎవరి కలం నుండి వస్తుందో మనకు తెలియదు.