దినదినము నడచిన దైవజనుడు – జాన్ వెస్లీ

దేహమునకు వ్యాయామము కావలెనను మాట మన ప్రసంగపీఠములనుండి వినబడుట అరుదు. అది లోకసంబంధమైన సంగతియని కొందరు, పనిలేనివారి కాలక్షేపమని కొందరు తలంచుదురు. పౌలు తిమోతికి వ్రాయుచు దేహసాధనకు భక్తికంటె చిన్న స్థలమిచ్చెనని జ్ఞాపకము చేయువారును గలరు. చిన్న స్థలమైనను స్థలమే గదా! ఈ నెల జాన్ వెస్లీ జీవితమును ఆ వైపునుండి చూతము. ఆయన మారుమనస్సును గూర్చియు ప్రసంగములను గూర్చియు మన సంఘములు పలుమారు వినియున్నవి. ఆయన కాళ్లను గూర్చి వినినవారు కొద్దిమందియే.

వెస్లీ 1703లో ఇంగ్లండు దేశమున ఎప్‌వర్త్ అను ఊరిలో జన్మించెను. తండ్రి సామ్యూల్ ఆ ఊరి పాదిరి. తల్లి సూసన్నకు పందొమ్మిదిమంది బిడ్డలు పుట్టిరి. వారిలో అనేకులు పసితనముననే పోయిరి. అప్పులు ఆ యింటికి క్రొత్తవి కావు. 1705లో తండ్రి అప్పు తీర్చలేక చెరసాలలో సయితము ఉండవలసివచ్చెను. 1709లో ఇల్లు తగులబడినప్పుడు ఐదేండ్ల జాన్‌ను కిటికీగుండ దింపి రక్షించిరి. 1714లో లండనులోని చార్టర్‌హౌస్ పాఠశాలకు పంపబడెను. అచ్చట పెద్ద పిల్లలు చిన్నవారి మాంసపు వంతు లాగికొనెడివారు గనుక చాలకాలము అతనికి రొట్టెయే ఆహారమాయెను. అయితే తండ్రి ఒక ఆజ్ఞ యిచ్చి పంపెను. ప్రతి ఉదయమున తోట చుట్టు మూడుమారులు పరుగెత్తవలెను. బాలుడు మానక చేసెను. తన దీర్ఘకాలపు ఆరోగ్యమునకు ఆ పరుగు ఒక కారణమని పెద్దవాడైన తరువాత ఆయనే చెప్పెను.

1720లో ఆక్స్‌ఫర్డునకు చదువబోయెను. అక్కడ జార్జి చెయినీ అను వైద్యుడు మితాహారమును గూర్చియు, దేహమును కదలించుటను గూర్చియు వ్రాసిన గ్రంథము ఆయన చేతికి వచ్చెను. దానిని మెచ్చుకొని తల్లికి ఉత్తరము వ్రాసెను. జీవితమంతయు దానిని విడువలేదు. 1731లో తమ్ముడు చార్లెస్‌తో కూడ ఎప్‌వర్త్‌నకు కాలినడకను పోయి, కాలినడకనే తిరిగివచ్చెను. దినమునకు 24, 25 మైళ్లు నడచుట కష్టము కాదనియు, నడచుచు పది పండ్రెండు మైళ్లవరకు పుస్తకము చదువవచ్చుననియు అప్పుడు గ్రహించెను. ప్రయాణపు ఖర్చులో మిగిలినది బీదలకు చేరుచుండెను. (మన బాటలపై చదువుచు నడువవద్దని మాత్రము మేము మనవి చేయుదుము. లారీలు ఆగవు.)

ఇంత బలము గల కాళ్లు ఆయనను అన్నిటినుండి తప్పించెనా? లేదు. 1735లో ఓడ యెక్కి అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్లెను. సవన్నా పట్టణములో సోఫీ హాప్కీ అను యువతిని ప్రేమించి, వివాహమాడుటయా మానుటయా యని నెలల తరబడి ఊగిసలాడెను. ఆమె వేరొకని వివాహమాడెను. తరువాత ఆయన ఆమెకు ప్రభురాత్రి భోజనము నిరాకరించెను. సంగతి న్యాయస్థానమున కెక్కెను. ఊరు రెండుగా చీలెను. 1737 డిసెంబరులో సాయంకాల ప్రార్థన ముగించి, చీకటిలో పడవ యెక్కి సవన్నా విడిచెను. పిమ్మట ముగ్గురు తోడివారితో కాలినడకను పోవుచు అడవిలో దారి తప్పెను. ఒక చిన్న అల్లపు రొట్టె ముక్క తప్ప వారియొద్ద తినుటకు ఏమియు లేకుండెను. ఇద్దరు చేతులతో మూడడుగుల లోతు త్రవ్వగా త్రాగుటకు నీరు దొరకెను.

మేము ఈ భాగమును చదివినప్పుడెల్ల ఆగుదుము. దేహము దృఢముగా నున్నను, లోపల మనిషి విరిగిపోయెను. ఇతరులను మార్చుటకు వెళ్లినవాడు తానే మారలేదని తెలిసికొని ఇంటికి మరలెను. 1738 మే 24 రాత్రి లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటములోనే ఆయన హృదయమునకు క్రీస్తునందలి నిశ్చయత దొరకెను. అది నడకవలన దొరకలేదు. నడకకు ఎంత స్థలమియ్యవలెనో, ఎంత ఇయ్యకూడదో దీనివలన తెలియుచున్నది.

1739లో బ్రిస్టలు పట్టణమున ఆరుబయట ప్రసంగించుట మొదలుపెట్టెను. బొగ్గుగనుల కూలివారు వేలకొలది కూడివచ్చిరి. అది మొదలుకొని ఏబదేండ్లకు పైగా గుఱ్ఱముమీదను, కాలినడకను, ముసలితనమున బండిలోను తిరిగెను. మొత్తము దాదాపు 2,50,000 మైళ్లు ప్రయాణము చేసెననియు, 40,000 ప్రసంగములు చేసెననియు లెక్కించుదురు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచుట, ఐదు గంటలకు ప్రసంగము. అల్లరిమూకలు రాళ్లు రువ్వెను. ఆయన ఆ ఊళ్లకే మరల వెళ్లెను. మన దేశమున మెదక్ ప్రాంతపు సంఘములు ఆయన పేరిటి మిషనువలన కలిగినవే. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ మహాదేవాలయమును చూచినవారు ఆ ప్రయాణముల ఫలమును చూచినవారే.

బీదలకు వైద్యుడు అందని కాలమది. 1746లో ఆయన లండనులో ఉచితముగా మందులిచ్చు చోటు తెరచెను. 1747లో ఇంటివైద్యపు పుస్తకమొకటి అచ్చువేయించెను. ఆయన జీవితకాలములోనే అది ఇరువదికి పైగా ముద్రణలు పొందెను. అందులోని కొన్ని చికిత్సలకు నేడు నవ్వు వచ్చును. కడుపునొప్పికి బ్రదికియున్న కుక్కపిల్లను పొట్టమీద పట్టుకొనుమన్న పుస్తకమది! ఎవరును అనుసరింపకుందురు గాక. అయితే దాని ముందుమాట నేటికిని పాతబడలేదు. చేతనైనవారికి నడకయే మేలైన వ్యాయామమనియు, కూర్చుండి చదువువారు దినమునకు రెండు మూడు గంటలు ఆరుబయట దేహమును కదలింపవలెననియు అందులో బోధించెను. కోపము, దుఃఖము, భయము దేహమును పాడుచేయుననియు, రోగము తెచ్చిన ఆ ఉద్రేకము చల్లారువరకు మందు పనిచేయదనియు చెప్పి, దేవుని ప్రేమనే అన్నిటికంటె గొప్ప ఔషధముగా చూపెను.

ఇది ఊరక చెప్పిన మాట కాదు. 1759లో ఒక బీద స్త్రీ ఎడతెగని కడుపునొప్పితో బాధపడుచుండెను. వైద్యులు మందుమీద మందు ఇచ్చిరి గాని నొప్పి తగ్గలేదు. ఆమె కుమారుడు చనిపోయెననియు, ఆ దుఃఖమే లోలోపల ఆమెను కొరుకుచున్నదనియు ఎవరును విచారింపలేదు. వెస్లీ దానిని తన దినచర్యలో వ్రాసికొని, మనస్సు దేహమునెంత పీడించునో వైద్యులు ఆలోచింపకుండుటను నిందించెను. అట్టి తల్లులు మన ఊళ్లలో లేరా? అప్పు పత్రము తలచుకొని నిద్రపట్టని రైతు, కుమార్తె పెండ్లికొరకు దిగులుపడు తండ్రి, ఛాతీలో బరువని ఆసుపత్రులు తిరుగువారు మన కూటములలోనే కూర్చున్నారు. వారితో విశ్వాసము చాలదని మాత్రము చెప్పి పంపుట న్యాయము కాదు. ఏలీయా చెట్టుక్రింద చావు కోరుకొనినప్పుడు దేవుని దూత గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టె పెట్టెను, నీరిచ్చెను. పిమ్మట హోరేబు వరకు దూరపు నడక ముందుంచెను.

నేటి వైద్యులును చురుకైన నడక దిగులును ఆందోళనను తగ్గించుటకు సాయపడునని చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషములు అట్టి శ్రమ కావలెనన్నది. పగలంతయు వంగి నాట్లు వేయు సహోదరికి ఈ మాట చెప్పము. ఆమెకు కావలసినది విశ్రాంతి. కూర్చుండి పనిచేయువారికిని, ప్రక్క వీధి అంగడికి మోటారుసైకిలెక్కు యౌవనులకును, మన పాదిరులకును చెప్పుచున్నాము.

వెస్లీ గృహజీవితము వేరొక సంగతి. 1751 ఫిబ్రవరిలో లండను వంతెనమీద మంచున జారి మడమ నొచ్చగా, మేరీ వాజెయ్ అను విధవరాలి యింట ఉండి, కొద్ది దినములలోనే ఆమెను వివాహమాడెను. ఆయన ప్రయాణములు తగ్గలేదు. ఆమె అనుమానములును కోపమును పెరిగెను. 1771లో విడిచిపోయెను. 1781లో ఆమె మరణించిన సంగతి పాతిపెట్టిన తరువాత గాని ఆయనకు తెలియలేదు. దోషమంతయు ఆమెదేయని వ్రాసినవారున్నారు. మేమట్లు తలంచము. బాటమీద అంత నెమ్మదిగా నుండగలిగినవాడు ఇంటిలో మరికొంతకాలము నిలిచి మాటలాడియుండవలసినది.

1753లో క్షయయని తోచినంతటి జబ్బుచేయగా తన సమాధిరాతను తానే వ్రాసికొనెను. ఫాథర్‌గిల్ అను వైద్యుడు పల్లెగాలి, విశ్రాంతి, గాడిదపాలు, దినదినము స్వారీ నియమించెను. ఆయన లోబడెను, ఆ విశ్రాంతికాలములోనే క్రొత్త నిబంధనకు వ్యాఖ్యానము మొదలుపెట్టెను. పొట్టి మనిషి. 1769లో ఆయన తూకము 122 పౌనులు. 1783లో మరల తూచగా అదే తూకము.

1785 జనవరిలో, ఎనుబదియొక్క యేండ్ల వయస్సున, బీదలకు బట్టలు కావలసివచ్చెను. కరగుచున్న మంచు చీలమండలవరకు నిండియుండగా, ఐదు దినములు ఉదయమునుండి సాయంకాలమువరకు లండను వీధులలో నడచి, ఇంటింట అడిగి 200 పౌనులు కూర్చెను. శనివారము రాత్రికి గ్రహణితో మంచమెక్కెను. బలము గలవారికిని ఒక మేర యుండును!

లండనులోని సిటీ రోడ్డునందు ఆయన చివరి దినములు గడపిన ఇంటిలో స్ప్రింగులమీద పైకి క్రిందికి ఊగు కుర్చీ యొకటి నేటికిని ఉన్నది. బయటికి పోవ వీలుకానివారు దానిమీద కూర్చుండి గుఱ్ఱపుస్వారీవలె దేహమును కదలించెడివారు. 1791 ఫిబ్రవరి 23న లెదర్‌హెడ్ అను ఊరిలో కడపటి ప్రసంగము చేసెను. మరునాడు బానిసల వర్తకమును ఎదిరించుమని విల్బర్‌ఫోర్స్‌నకు ఉత్తరము వ్రాసెను. మార్చి 2న ప్రభువునందు నిద్రించెను. తన శవమును బండిమీద తీసికొనిపోవద్దనియు, ఆరుగురు బీదలు మోసికొని పోవలెననియు, వారికి ఆరు పౌనులు పంచియ్యవలెననియు మరణశాసనములో వ్రాసియుంచెను. ఆయన ప్రార్థనాలయము వెనుకనే సమాధి చేసిరి.