కార్సికా రాజు థియోడోర్

మధ్యధరా సముద్రమున, ఇటలీ దేశమునకు పడమటగా కార్సికా యను కొండల దీవి గలదు. నెపోలియను జన్మస్థానముగా దానిని మనమెల్లర మెఱుంగుదుము. అతడు పుట్టుటకు ముప్పదిమూడేండ్లు ముందు ఆ దీవిని కొన్ని మాసములు మాత్రమే యేలిన రాజొకడు గలడు. అతని చరిత్రము వినదగినది.

థియోడోర్ ఫాన్ నాయ్‌హాఫ్ 1694వ సంవత్సరమున జర్మనీలోని కొలోను పట్టణమున జన్మించెను. బాల్యమున ఫ్రాన్సు రాజకుటుంబమువారి కొలువున పెరిగెను. పిదప ఫ్రాన్సు, స్వీడను, స్పెయిను దేశముల నాశ్రయించెను, ఎచ్చటను నిలువలేదు. స్పెయినులో వివాహమాడిన భార్యను విడిచిపోయెను. అప్పులు మాత్ర మెచ్చటికిని వెంట వచ్చుచుండెను.

అప్పుడు కార్సికా జెనోవా ప్రభుత్వమునకు లోబడి యుండెను. పన్నుల బాధ కోర్వలేక ప్రజలు 1729లో తిరుగబడిరి. వారి నాయకులకు థియోడోర్ సాయము చేయుదునని మాట యిచ్చి, టునిసునుండి తుపాకులు, మందుగుండు, పాదరక్షలు తీసికొని 1736 మార్చిలో అలేరియా తీరమున దిగెను. ఏప్రిల్ 15వ తేదీన అలెసాని మఠమున ప్రజలాతనికి పట్టము గట్టిరి. బంగారు కిరీటము లేనందున ఆకులతో నల్లిన కిరీటమునే తలపై నుంచిరి. అతడు నాణెములు ముద్రింపించెను. వీరులకు బిరుదు లొసగెను. ఎవరి మతమును వా రవలంబింప వచ్చునని చాటెను.

కాని పరదేశపు నౌకలు వచ్చునని అతడు చెప్పిన మాట నెరవేరలేదు. జెనోవావారు ఆతని తలకు వెల కట్టిరి. ప్రజల నమ్మకము సడలెను. నవంబరులో, సాయము తెత్తునని చెప్పి, దీవి విడిచెను. మరల 1738లోను 1743లోను వచ్చియు నిలువలేకపోయెను. తుదకు లండనులో అప్పులకై చెఱసాల పాలయ్యెను. తన కార్సికా రాజ్యమునే ఋణదాతలకు వ్రాసియిచ్చి 1755లో విడుదల పొంది, 1756 డిసెంబరులో బీదతనమున మరణించెను.

అతడు విడుదలయిన 1755లోనే, ఒకప్పుడాతనికి మంత్రిగా నుండిన జియాచింతో పావొలీ కుమారుడు పాస్క్వాలె, కార్సికా ప్రజలకు నాయకుడయ్యెను. ఇతడు రాజబిరుదము గోరలేదు. శాసనములు నిర్మించి, 1765లో కోర్తె పట్టణమున విశ్వవిద్యాలయము స్థాపించెను. 1769లో ఫ్రెంచి సేనలకు ఓడినను, ప్రజలాతనిని మరువలేదు.

బాలురారా, ఇరువురును ఆ దీవికి స్వాతంత్ర్యమునే కోరిరి. ఒకడు తాను తీర్పలేని వాగ్దానములపై సింహాసనము నిలుపజూచెను. రెండవవాడు చేతనైన పనిపై దేశమును నిలుపజూచెను. ఏ మార్గము మనకు తగినదో మీరే యోచింపుడు.