పీహెచ్‌డీ నుంచి పంట కాలువ దాకా.. కె.ఎల్‌.రావు

ఆత్మకూరు నుంచి సోమశిల వెళ్తే పెన్నా మీద 78 టీఎంసీల జలాశయం కనిపిస్తుంది. అదే ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కితే మెట్ట పొలాలు, వానల కోసం ఎదురుచూసే చెరువులు, ఫ్లోరైడ్‌ నీళ్ల బోర్లు. పక్కపక్క ప్రాంతాల మధ్య ఇంత తేడా తెచ్చింది నీళ్లే. ఆ తేడాను తగ్గించే పనిలోనే జీవితమంతా గడిపిన తెలుగు ఇంజినీర్‌ ఒకరున్నారు. ఆయనే కానూరి లక్ష్మణరావు, మనందరికీ తెలిసిన కె.ఎల్‌.రావు.

1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. స్కూల్లో ఆడుకుంటుండగా జరిగిన ప్రమాదంలో ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్‌ కాలేజీలో చదివారు. మద్రాసు యూనివర్సిటీ నుంచి ఇంజినీరింగ్‌లో మాస్టర్స్‌ డిగ్రీ అందుకున్న తొలి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌ యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. రంగూన్‌లోనూ, బ్రిటన్‌లోనూ పాఠాలు చెప్పారు. రీఇన్‌ఫోర్స్‌డ్‌ కాంక్రీట్‌ లెక్కలు, డిజైన్‌, పరీక్షల మీద పుస్తకం రాశారు.

అక్కడే స్థిరపడొచ్చు. కానీ గోదావరి మీద తలపెట్టిన రామపాదసాగర్‌ ప్రాజెక్టు డిజైన్‌ పనికి తిరిగొచ్చేశారు. తీరా ఆ డ్యామ్‌ కాగితాల మీదే ఉండిపోయింది. మొదటి పెద్ద ప్రాజెక్టే ఆగిపోతే మనలో చాలామంది లైన్‌ మార్చేస్తాం. ఆయన మార్చలేదు. 1950లో ఢిల్లీలో డిజైన్స్‌ డైరెక్టర్‌ అయ్యారు. 1954లో కేంద్ర జల, విద్యుత్‌ కమిషన్‌లో చీఫ్‌ ఇంజినీర్‌ అయ్యారు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది నాగార్జునసాగర్‌. ఇలాంటి డ్యామ్‌ నీటి ఒత్తిడిని తన బరువుతోనే ఆపుతుంది. మరి ఆ బరువు దేంతో తేవాలి? మొత్తం కాంక్రీట్‌తో కట్టాలంటే బోలెడు సిమెంటు, విదేశీ యంత్రాలు కావాలి. అప్పుడే స్వాతంత్య్రం వచ్చిన దేశానికి అది మోయలేని ఖర్చు. మన దగ్గర ఉన్నవి రాయి, పనిచేసే చేతులు. అందుకే దాదాపు 124 మీటర్ల ఎత్తున రాతి డ్యామ్‌ లేచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న కాలువల్లోకి నీళ్లొచ్చాయి. విదేశంలో నేర్చుకున్న లెక్క మన నేలకు తగ్గట్టు మారితేనే పనికొస్తుందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1963లో పద్మభూషణ్‌ అందుకున్నారు. అదే ఏడాది కేంద్ర మంత్రివర్గంలో చేరి నీటిపారుదల, విద్యుత్‌ శాఖలు చూశారు. 1972లో గంగ నీళ్లను 2,640 కిలోమీటర్ల మేర కావేరికి తరలించాలని ప్రతిపాదించారు. ఖర్చు ఎక్కువని, నీళ్లు ఎత్తిపోయడానికి కరెంటు చాలదని దాన్ని పక్కనపెట్టారు. అయినా నదుల అనుసంధానం ఆలోచన మాత్రం పోలేదు. 1982లో ఏర్పడిన జాతీయ జలాభివృద్ధి సంస్థ ప్రణాళికల్లో నాగార్జునసాగర్‌ నుంచి సోమశిలకు, అక్కణ్నుంచి కావేరికి లింకులున్నాయి. అంటే ఆత్మకూరు పక్కన కనిపించే ఆ జలాశయం కూడా ఈ మ్యాప్‌లో ఉన్నట్టే.

1986 మే 18న కె.ఎల్‌.రావు కన్నుమూశారు. కృష్ణా మీది పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు.

ఉదయగిరి కష్టం మాత్రం తీరలేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలోనే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదొక రీసెర్చ్‌ టాపిక్కే. ఎంటెక్‌ చేస్తే ఉద్యోగం వస్తుందా అని లెక్కలు వేసుకోవడం తప్పేం కాదు. దాంతోపాటు మన ఊరికి ఏం కావాలో కూడా లెక్కేసుకుందాం. ఫైనలియర్‌ ప్రాజెక్టు కొనుక్కొచ్చి చూపిస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాం. సొంతూరి సమస్య మీద పనిచేస్తే ఎన్ని ప్రశ్నలకైనా జవాబు ఉంటుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి కాలేజీ ల్యాబ్‌కి తీసుకెళ్లండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఫ్లోరైడ్‌ ఎక్కువుంటే ఆ నీళ్లు తాగకూడదు. మీ ప్రాజెక్టు అక్కణ్నుంచే మొదలవుతుంది.