గాజు సీసాలో మొలచిన ఫెర్న్ – డాక్టర్ నథానియల్ వార్డ్ జీవితం

పువ్వు పూయక, కాయ కాయక, రాతి పగుళ్ళలో పిడికెడు మట్టినీ చారెడు తేమనూ ఆశ్రయించుకొని బ్రతికే అల్పప్రాణులు ఫెర్న్ మొక్కలు. బాటసారి వాటిని చూడడు. రైతుకు వాటితో పని లేదు. అట్టి మొక్కను ప్రాణప్రదంగా ప్రేమించిన ఒక వైద్యుడు, దానిని బ్రతికించుకొనలేక పదే పదే ఓడిపోయి, చివరకు అనుకోకుండా ఒక సత్యాన్ని కనుగొన్నాడు. ఆ సత్యం తేయాకును చైనా నుండి హిమాలయాలకు, సింకోనాను దక్షిణ అమెరికా నుండి నీలగిరులకు, రబ్బరును ఆమెజాన్ నుండి సింహళానికి చేర్చింది. ఆ వైద్యుడే డాక్టర్ నథానియల్ బాగ్‌షా వార్డ్.

వార్డ్ 1791లో లండన్ నగరంలో ఒక వైద్యుని ఇంట జన్మించాడు. బాల్యం నుండి అతనికి మొక్కలన్నా, పురుగులన్నా మక్కువ. పదమూడేళ్ళ ప్రాయంలో ఓడప్రయాణం చేసి జమైకా ద్వీపానికి వెళ్ళాడు. లండన్ పొగమంచులో పెరిగిన ఆ బాలుని కన్నులకు ఉష్ణమండలపు అడవి ఒక అద్భుతలోకంగా తోచింది. తాటిచెట్లు, తీగెలు, మనిషిని మించి ఎదిగిన ఫెర్న్ వృక్షాలు అతని మనస్సులో చెరగని ముద్ర వేశాయి. నావికుడు కావాలన్న కోరిక ఆ ప్రయాణంతోనే తీరిపోయింది గాని, వృక్షశాస్త్రంపై కలిగిన అనురక్తి మాత్రం జీవితాంతం నిలిచింది.

తిరిగివచ్చిన పిదప వైద్యవిద్య నభ్యసించి, తండ్రి నడిపిన వైద్యాన్నే వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో కొనసాగించాడు. అది లండన్ తూర్పు భాగంలో, ఓడరేవుకు చేరువలో ఉన్న ప్రాంతం. కూలీలు, నావికులు, వలసవచ్చిన బీదలు కిక్కిరిసి నివసించే వీధులవి. పగలంతా రోగులను చూడటం, తెల్లవారక ముందే లేచి ఊరి వెలుపలి పొలాలకూ తోటలకూ వెళ్ళి మొక్కలు సేకరించటం – ఇదీ ఆయన దినచర్య. ఇట్లు ఏళ్ళ తరబడి కూర్చిన ఎండుమొక్కల నమూనాలు ఇరవైయైదు వేలకు చేరాయని ఆయన సమకాలికులు లెక్క కట్టారు.

సజీవమైన మొక్కలను ఇంట పెంచటం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. పెరటిలో రాళ్ళు పేర్చి చిన్న గుట్ట కట్టించాడు. పైన చిల్లులు గల గొట్టమమర్చి, రాళ్ళ మీదుగా నీరు సన్నగా జారునట్లు చేశాడు. ఆ రాళ్ళ సందులలో ఫెర్న్‌లు, నాచులు, అడవిపూల మొక్కలు నాటాడు. కొండవాగు ఒడ్డున ఉన్నట్లే వాటికి సర్వం అమర్చాడు. అయినను ఒకదాని వెనుక ఒకటిగా అవి మాడిపోయాయి. దోషం నీటిలో లేదు, రాళ్ళలో లేదు, గాలిలో ఉన్నది. చుట్టూ ఉన్న కర్మాగారాల పొగగొట్టాలు అహోరాత్రులు బొగ్గుమసిని వెదజల్లుతుండేవి. ఆ మసి ఆకులపై పేరుకొని మొక్కల ఊపిరి తీసేది. అదే గాలి తన రోగుల ఊపిరితిత్తులలోనికీ పోతున్నదని ఆ వైద్యునికి తెలియని విషయం కాదు.

1829వ సంవత్సరపు వేసవిలో ఆయన ఒక పురుగు జీవితచక్రాన్ని పరిశీలించదలచి, స్ఫింక్స్ జాతి మాత్ పురుగు ప్యూపాను ఒక వెడల్పు మూతి సీసాలో తడిగా ఉన్న ఆకుమట్టిలో పాతిపెట్టి మూత బిగించాడు. ప్రతిదినం సీసాను గమనిస్తూ ఒక విశేషం కనిపెట్టాడు. పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరియై పైకి లేచి, గాజుగోడలపై బిందువులుగా కూడి, తిరిగి మట్టిలోనికే జారిపోతున్నది. మట్టి ఎన్నడూ ఎండుట లేదు. కొన్ని దినాలకు, మాత్ పురుగు వెలువడక ముందే, మట్టిపై రెండు లేత మొలకలు కనిపించాయి. ఒకటి గడ్డిమొక్క, రెండవది ఫెర్న్.

పెరటి రాళ్ళపై ఎన్ని ఉపచారాలు చేసినా దక్కని మొక్క, ఎవరూ నాటకయే సీసాలో మొలచింది! వార్డ్ ఆ సీసాను తన చదువుగది కిటికీ వెలుపల ఉంచాడు. చుక్క నీరు పోయకుండానే ఆ రెండు మొక్కలూ దాదాపు నాలుగేళ్ళు జీవించాయి. గడ్డి ఒకమారు పూసింది. ఫెర్న్ ఏటేటా మూడు నాలుగు కొత్త ఆకులు విప్పింది. ఆయన ఊరిలో లేని సమయంలో మూత తుప్పుపట్టి, వాననీరు లోపలికి చేరటంతో అవి నశించాయి. అప్పటికి అవి నేర్పవలసిన పాఠం నేర్పేశాయి.

ఆ పాఠం చాల సరళమైనది. మొక్క వేరు ద్వారా పీల్చిన నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా విడుస్తుంది. మూసిన గాజుపెట్టెలో ఆ ఆవిరి ఎటూ పోలేక, చల్లబడి, నీరై మళ్ళీ వేరును చేరుతుంది. వెలుతురున్నంత సేపు కిరణజన్య సంయోగక్రియ, చీకటిలో శ్వాసక్రియ – ఈ రెంటి వలన లోపలి వాయువుల తూకం చాలవరకు నిలుస్తుంది. గాజు వెలుతురును రానిస్తుంది. మసిని, దుమ్మును, ఉప్పుగాలిని రానీయదు. స్కాట్లండ్ దేశస్థుడైన మెకోనకీ అనే వృక్షప్రేమికుడు కొన్నేళ్ళ ముందే గాజుపెట్టెలో మొక్కలు పెంచియుండెను గాని, ఆ విషయాన్ని అప్పట్లో లోకానికి వెల్లడింపలేదు. దాని ఆంతర్యాన్ని గ్రహించి, పరీక్షించి, పదిమందికి పంచిన ఖ్యాతి వార్డ్‌కే దక్కింది.

ఆ పరీక్షలలో ముఖ్యమైనది కిల్లార్నీ ఫెర్న్‌కు సంబంధించినది. ఐర్లండు నైరృతి మూలనున్న కిల్లార్నీ సరస్సుల ప్రాంతంలో, జలపాతాల తుంపర తగిలే రాతిగుహలలో, ఎండ సోకని బండల నెర్రెలలో పెరిగే మొక్క అది. దాని ఆకు మందం చాల భాగం ఒకే ఒక్క కణం; వెలుతురుకు పెట్టి చూస్తే పచ్చని అద్దంలా ఉంటుంది. గాలిలో తేమ కాస్త తగ్గినా ఆకు ముడుచుకొని చనిపోతుంది. లండన్‌లో ప్రసిద్ధిగాంచిన లోడిజెస్ నర్సరీవారు సైతం దీని జాతి మొక్కను బ్రతికించలేకపోయారు. వార్డ్ దానిని తన గాజు సీసాలో ఉంచాడు. పొగ కమ్మిన వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో అది జలపాతపు గుహలో ఉన్నంత హాయిగా ఎదిగింది.

అంతటితో ఆయన ఆలోచన ఇంటి గోడలు దాటింది. ఆ కాలంలో దూరదేశాల మొక్కలను ఓడలపై తెచ్చుట బహుకష్టం. ఉప్పునీటి తుంపరలు, మంచినీటి కొరత, ఎండ, చలి – వీటి వాత పడి మార్గమధ్యంలోనే అవి చనిపోయేవి. చైనా నుండి ఇంగ్లండుకు పంపిన వేయి మొక్కలలో ఒక్కటే బ్రతుకుతున్నదని 1819లో లివింగ్‌స్టన్ అనే వైద్యుడు అంచనా వేశాడు. వార్డ్ 1833 జూన్‌లో ఫెర్న్‌లు, నాచులు, గడ్డిమొక్కలతో నింపిన రెండు గాజుపెట్టెలను కెప్టెన్ మల్లార్డ్ ఓడపై ఆస్ట్రేలియాకు పంపాడు. నెలల తరబడి సాగిన ప్రయాణం తరువాత అవి పచ్చగా సిడ్నీ చేరాయి. 1834 ఫిబ్రవరిలో అవే పెట్టెలలో ఆస్ట్రేలియా మొక్కలను నాటి తిరుగుప్రయాణం కట్టించారు. దక్షిణ అమెరికా కొమ్ము వద్ద ఓడపై మంచు కురిసి ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పడిపోయింది. భూమధ్యరేఖ వద్ద 120 డిగ్రీలకు పెరిగింది. దారిలో ఎవరూ ఒక్కమారైనా నీరు పోయలేదు. నవంబరులో లండన్ చేరినప్పుడు, అంతకుముందు ఇంగ్లండుకు ప్రాణంతో రాని ఒక ఆస్ట్రేలియా ఫెర్న్ కూడా వాటిలో కళకళలాడుతూ ఉన్నది. ఓడపైకి వెళ్ళి వాటిని చూచిన వార్డ్, నర్సరీ యజమాని జార్జ్ లోడిజెస్‌లు పొందిన ఆనందం ఊహింపదగినదే. అదే ఏట ఈజిప్టులోని ఇబ్రహీం పాషా తోటలకు కూడా ఈ పెట్టెలలో మొక్కలు పంపారు. పూర్వం ఇరవై మొక్కలలో పందొమ్మిది పోగొట్టుకొనే లోడిజెస్, ఇప్పుడు ఇరవైలో పందొమ్మిది దక్కించుకోసాగాడు.

ప్రఖ్యాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1838లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ విషయంపై ఉపన్యసించాడు. వార్డ్ స్వయంగా రచించిన గ్రంథం 1842లో వెలువడింది. అందులో ఆయన ధనికుల అలంకారాన్ని గూర్చి మాత్రమే చెప్పలేదు. నగరాలలోని బీదల ఇళ్ళకు వెలుతురూ, స్వచ్ఛమైన గాలీ, కాస్త పచ్చదనమూ అవసరమని వాదించాడు. ఆ కాలంలో గాజుపై సుంకమూ, ఇంటి కిటికీలపై పన్నూ ఉండేవి. వెలుతురు సైతం కొనుక్కోవలసిన వస్తువైంది. గాజు సుంకం 1845లో, కిటికీ పన్ను 1851లో రద్దయ్యాయి. 1851లో జరిగిన మహాప్రదర్శనలో పద్దెనిమిదేళ్ళుగా నీరు పోయని ఒక మొక్కల సీసాను వార్డ్ ప్రజలకు చూపించాడు. మరుసటి ఏడు రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గౌరవించింది.

ఆయన తన పెట్టెకు పేటెంటు తీసుకొనలేదు. అడిగిన వారికెల్ల దాని నిర్మాణాన్ని వివరించాడు. దాని వలన ఇతరులు పొందిన లాభం అపారం. రాబర్ట్ ఫార్చ్యూన్ ఈస్టిండియా కంపెనీ పక్షాన 1848 – 1851 మధ్య చైనా నుండి ఇరవై వేల తేయాకు మొక్కలను ఈ పెట్టెలలోనే హిమాలయ తోటలకు చేర్చాడు. 1860 తరువాత సింకోనా మొక్కలు నీలగిరులలో వేళ్ళూనాయి. దాని బెరడు నుండి తీసిన క్వినైన్ మలేరియాకు మందైనది. మలేరియాను దోమలు మోస్తాయన్న రహస్యాన్ని 1897లో రొనాల్డ్ రాస్ ఛేదించింది మన సికింద్రాబాదులోనే. 1876లో క్యూ ఉద్యానంలో మొలకెత్తిన బ్రెజిల్ రబ్బరు నారు ఈ పెట్టెలలోనే సింహళానికి తరలింది.

అయితే ఈ కథకు రెండవ వైపు కూడా ఉన్నది. దానిని దాచిపెట్టుట చరిత్రకు న్యాయం కాదు. మొక్కలతో పాటు వాటి మట్టిలోని పురుగులూ, తెగుళ్ళూ సముద్రాలు దాటాయి. చైనావారి తేయాకు, దక్షిణ అమెరికా వారి సింకోనా, రబ్బరు వారి చేజారి సామ్రాజ్యపు సంపదగా మారాయి. మలయా రబ్బరు తోటలలో చెమటోడ్చిన కూలీలలో తమిళులతో పాటు మన తెలుగువారూ వేలాదిగా ఉన్నారు. వార్డ్ వీటిని కోరలేదు. కాని సాధనం చేసినవాని చేయి దాటిన పిమ్మట, అది ఎవరి చేతిలో పడితే వారి బుద్ధినే అనుసరిస్తుంది.

ఆయనను మరింత బాధించగల పరిణామం ఇంకొకటి జరిగింది. గాజుపెట్టెలో ఫెర్న్‌లు పెంచవచ్చునని తెలియగానే ఇంగ్లండులో ప్రతి ఇంటి ముంగిటా ఒక పెట్టె వెలసింది. ఆ వ్యామోహానికి చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత 1855లో ఫెర్న్‌ల పిచ్చి అనే అర్థంలో ఒక పేరే పెట్టాడు. వర్తకులు కొండలెక్కి రాతి నెర్రెలను గోకి, బుట్టలకొద్దీ మొక్కలను పీకి అమ్మారు. అందరికంటె ఎక్కువ నష్టపోయినది కిల్లార్నీ ఫెర్నే. వార్డ్ ప్రేమతో బ్రతికించిన మొక్కను, ఆ ప్రేమను అనుకరించిన లోకం దాని పుట్టినింటిలో దాదాపు తుడిచిపెట్టింది.

వార్డ్ చివరి సంవత్సరాలలో క్లాపమ్‌లో నివసించాడు. ఆ ఇంటికి ఫెర్న్‌ల పేరే పెట్టుకున్నాడు. వైద్యవిద్యార్థులకు వృక్షశాస్త్రం నేర్పుటకూ, చెల్సీలోని ప్రాచీన ఔషధోద్యానాన్ని కాపాడుటకూ కృషి చేశాడు. 1868 జూన్ 4న సెయింట్ లెనార్డ్స్ అనే సముద్రతీర పట్టణంలో కన్నుమూశాడు. దక్షిణ ఆఫ్రికా వాగులలోని రాళ్ళపై పెరిగే ఒక నాచుకు మిత్రులు ఆయన పేరిట వార్డియా అని నామకరణం చేశారు. రాతిని ఆశ్రయించిన చిన్న మొక్కలను ప్రేమించినవానికి అంతకంటె తగిన స్మారకం వేరొకటి లేదు. క్యూ ఉద్యానం 1962 వరకు వార్డ్ పెట్టెలను వాడింది.

కిల్లార్నీ ఫెర్న్ సైతం పూర్తిగా ఓడిపోలేదు. ఫెర్న్ జీవితంలో రెండు దశలుంటాయి. ఆకులతో కనిపించేది సిద్ధబీజదం. సులభంగా కంటపడనంత చిన్నది సంయోగబీజదం. ఈ ఫెర్న్ యొక్క సంయోగబీజదం పచ్చని దూదిపింజవలె గుహల లోపలి రాళ్ళపై, ఆకుల మొక్క లేకుండానే, ఏళ్ళ తరబడి స్వతంత్రంగా జీవిస్తున్నదని 1980ల చివర బ్రిటన్‌లో కనుగొన్నారు. ఎవరికీ కనిపించని రూపంలో అది మానవుని దోపిడీ నుండి తప్పించుకొన్నది. నేడు దానికి చట్టరక్షణ కూడా ఉన్నది.

మన దక్కను బండల నెర్రెలలో, పాత కోటగోడల సందులలో మయూరశిఖ అనే చిన్న ఫెర్న్ పెరుగుతుంది. నెమలి తలపై కుచ్చువలె విసనకర్రగా విచ్చుకొన్న ఆకులు దానివి. వేసవిలో ఎండి ముడుచుకొని చచ్చినట్లుండి, తొలకరి చినుకు పడగానే మళ్ళీ పచ్చబడుతుంది. బండను పగులగొట్టినప్పుడు మాత్రం దానికి పునర్జన్మ లేదు. దానిని పెకలించి ఇంటికి తెచ్చుకోనక్కరలేదు. ఉన్నచోట గుర్తించి, ఉన్నచోటనే ఉండనిస్తే చాలును. వార్డ్ జీవితం విద్యార్థులకు రెండు విషయాలు నేర్పుతున్నది: వెదకినది దొరకనప్పుడు ఎదుట మొలచినదానిని గమనించుట మొదటిది, ప్రేమించినదానిని దాని స్థానంలోనే బ్రతకనిచ్చుట రెండవది. మొదటిది ఆయన విజయం నేర్పింది. రెండవది ఆయన తరువాతి లోకపు తప్పిదం నేర్పింది.