కోటిన్నర ఖర్చు ఎలా తిరిగొచ్చింది? కె. ఆసిఫ్, మొఘల్-ఏ-ఆజం కథ

కె. ఆసిఫ్ 1922లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో పుట్టారు. డైరెక్టర్‌గా ఆయన పూర్తి చేసిన సినిమాలు రెండే. 1945లో ‘ఫూల్’, 1960లో ‘మొఘల్-ఏ-ఆజం’. అయినా హిందీ సినిమా వ్యాపారం గురించి మాట్లాడితే ఆయన పేరు రాకుండా ఉండదు.

మొఘల్-ఏ-ఆజం షూటింగ్ మొదట 1946లో మొదలైంది. దేశ విభజన తర్వాత ఫైనాన్షియర్ షిరాజ్ అలీ హకీమ్ పాకిస్తాన్ వెళ్లిపోయారు. అక్బర్ వేషం వేస్తున్న చంద్రమోహన్ 1949లో చనిపోయారు. దాంతో అంతా మళ్లీ మొదటికొచ్చింది.

తర్వాత నిర్మాణ రంగంలో పేరున్న షాపూర్జీ పల్లోంజీ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారు. సినిమాల గురించి ఆయనకు తెలిసింది తక్కువ, కానీ అక్బర్ చరిత్ర అంటే ఇష్టం. ఇక ఆసిఫ్ ఖర్చుకు వెనుకాడలేదు. నగలు చేసింది మన హైదరాబాద్ కంసాలులే. ఒక్క శీష్ మహల్ సెట్‌కే రెండేళ్లు పట్టింది. కొన్ని రీళ్లు కలర్‌లో తీశాక, సినిమా మొత్తం కలర్‌లో మళ్లీ తీద్దామన్నారు ఆసిఫ్. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకోలేదు. చివరికి ఖర్చు కోటిన్నర దాకా తేలిందని చెబుతారు.

మరి అంత డబ్బు ఎలా తిరిగొచ్చింది? సినిమా వ్యాపారంలో దేశాన్ని ఏరియాలుగా విడగొడతారు. తెలంగాణ వైపును ఇప్పటికీ నైజాం ఏరియా అనే అంటారు కదా, అలాగన్నమాట. ఒక్కో ఏరియా హక్కులు ఒక్కో డిస్ట్రిబ్యూటర్ కొంటారు. అప్పట్లో పెద్ద హిందీ సినిమాకు ఏరియాకు 3, 4 లక్షలు పలికేది. ఆసిఫ్ 7 లక్షలకు తగ్గేది లేదన్నారు. చివరికి 17 లక్షల దాకా పలికిందని ట్రేడ్ వర్గాలు చెబుతాయి. ఇలా అమ్మితే పెట్టుబడిలో పెద్ద భాగం ముందే చేతికొస్తుంది. సినిమా ఆడకపోతే ఆ నష్టం కొన్నవాళ్లది.

1960 ఆగస్టు 5న సినిమా విడుదలైంది. బొంబాయి మరాఠా మందిర్ దగ్గర టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. వినోద పన్ను పోగా నికర వసూళ్లు 5.5 కోట్లని అంచనా. అయితే ఇదంతా లాభం కాదు. అందులో వాటా థియేటర్‌కు పోగా మిగిలిందే డిస్ట్రిబ్యూటర్‌కు. అన్ని భాషల్లోనూ ఇదే జోరు లేదు. తమిళంలో ‘అక్బర్’ పేరుతో వచ్చిన డబ్బింగ్ ఆడకపోవడంతో ఇంగ్లీషు వెర్షన్ ఆలోచన మానుకున్నారు.

సినిమా మాత్రం ఆసిఫ్ సొంతం కాలేదు. నిర్మించింది షాపూర్జీకి చెందిన స్టెర్లింగ్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్. డబ్బు పెట్టినవాళ్లకే హక్కులు.

ఆసిఫ్ తర్వాత ‘లవ్ అండ్ గాడ్’ మొదలుపెట్టారు. 1964లో హీరో గురుదత్ చనిపోవడంతో ఆగిపోయింది. సంజీవ్ కుమార్‌తో మళ్లీ మొదలుపెట్టారు. అది పూర్తికాకుండానే 1971 మార్చి 9న ఆసిఫ్ కన్నుమూశారు. భార్య అఖ్తర్ చొరవతో 1986లో, ఉన్నంత వరకే దాన్ని విడుదల చేశారు.

2004లో మొఘల్-ఏ-ఆజం పూర్తి కలర్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చింది, జనం మళ్లీ టికెట్లు కొన్నారు. మొత్తం కలర్‌లో చూడాలన్న ఆసిఫ్ కోరిక ఆయన పోయిన 33 ఏళ్లకు తీరింది. ఆ వసూళ్లూ హక్కులున్న కంపెనీకే చేరాయి.